ఐపీ ఫోన్లలో ఎకో: సాఫ్ట్‌వేర్ సరిపోతుందా, హార్డ్‌వేర్ కొనాలా? మీ లైన్ మీద మీరే తేల్చుకోండి

"ఎకో క్యాన్సిలర్ ఉన్న కార్డు కొంటే ఎకో పోతుందా సార్?" ఈ ప్రశ్న నన్ను అడగని వారం ఉండదు. ఆఫీసులో ఆస్టరిస్క్ (కంప్యూటర్‌ని టెలిఫోన్ ఎక్స్ఛేంజీగా మార్చే సాఫ్ట్‌వేర్) సర్వర్ పెట్టి, నాలుగు ల్యాండ్‌లైన్లు కలిపి, బల్లల మీద ఐపీ ఫోన్లు (కంప్యూటర్ నెట్‌వర్క్ మీద నడిచే ఫోన్లు) సర్దుకున్న మొదటి రోజే ఈ బాధ మొదలవుతుంది. మన మాట నోట్లోంచి వచ్చిన కాసేపటికి మన చెవిలోనే మళ్ళీ మోగుతుంది. రెండు వాక్యాలు మాట్లాడేసరికి నాలుక తడబడుతుంది.

కొనే ముందు ఆ ఎకో ఎక్కడ పుడుతోందో పట్టుకోండి. అది తెలియకుండా ఏది కొన్నా డబ్బు దండగ కావచ్చు. ఒక పూట కూర్చుంటే తేలిపోయే పని ఇది. కింద ఉన్న వరుసలోనే చేయండి, మధ్యలో ఏదీ దాటేయొద్దు.

ఇక్కడ కమాండ్లు, ఫైళ్ళ పేర్లు తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను. మీరు టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి. పెద్ద అక్షరాలు వాడాల్సిన చోట విడిగా చెప్తాను, మిగతావన్నీ చిన్న అక్షరాలే.

ముందు ఒక్క ముక్క సిద్ధాంతం

ల్యాండ్‌లైన్‌లో మాట వెళ్ళేదీ వచ్చేదీ ఒకే జంట తీగల మీద. ఆ రెంటినీ విడదీసే సర్క్యూట్‌ని హైబ్రిడ్ అంటారు. లైన్ ఇంపెడెన్స్‌తో (సిగ్నల్‌కి లైన్ ఇచ్చే అడ్డుతో) దానికి సరిగ్గా కుదరకపోతే మీ మాటలో కొంత వెనక్కి తిరుగుతుంది. పాత ఫోన్లలోనూ ఇది ఉండేది, కాకపోతే వెంటనే వచ్చేసేది కాబట్టి చెవికి పట్టేది కాదు. ఐపీలో ఒక్కో ప్యాకెట్‌లో సాధారణంగా 20 మిల్లీసెకన్ల మాట నింపుతారు, జిట్టర్ బఫర్‌లో (హెచ్చుతగ్గులుగా వచ్చే ప్యాకెట్లను సమంగా సర్దే చోట) ఇంకొన్ని పదుల మిల్లీసెకన్లు ఆగుతుంది. అదే ఎకో ఆలస్యంగా వచ్చేసరికి స్పష్టంగా వినిపిస్తుంది.

బయటికి పంపిన మాట ఎంతసేపటికి, ఎంత బలంగా తిరిగొస్తుందో క్యాన్సిలర్ లెక్కగట్టి, వచ్చే శబ్దంలోంచి దాన్ని తీసేస్తుంది. ఆ లెక్క సర్వర్ ప్రాసెసర్‌లో జరిగితే సాఫ్ట్‌వేర్ క్యాన్సిలర్, కార్డు మీద శబ్దాల లెక్కల కోసమే ఉన్న డీఎస్పీ చిప్‌లో జరిగితే హార్డ్‌వేర్ క్యాన్సిలర్. లెక్క సూత్రం రెండింట్లోనూ ఒకటే. ఎంత ఆలస్యం వరకు పట్టుకోగలదో దాన్ని టెయిల్ అంటారు.

కావలసినవి

- ఆస్టరిస్క్ సర్వర్‌కి రూట్ లాగిన్. ల్యాండ్‌లైన్ కార్డుల్ని ఆస్టరిస్క్‌తో కలిపే డాహ్డీ డ్రైవర్లు ఎక్కించి ఉండాలి (పాత రోజుల్లో జాప్టెల్ అనేవాళ్ళు, 2008లో పేరు మారింది).
- ల్యాండ్‌లైన్ కలిపిన ఎఫ్‌ఎక్స్‌ఓ కార్డు (మామూలు ల్యాండ్‌లైన్ తీగ గుచ్చేది), లేదా పీఆర్‌ఐ కార్డు (ఒకే డిజిటల్ లైన్ మీద చాలా కాల్స్ మోసేది).
- తీగ ఉన్న రిసీవర్‌తో ఒక ఐపీ ఫోన్. స్పీకర్‌ఫోన్‌తోనో ల్యాప్‌టాప్‌తోనో ఈ పరీక్షలు చేయొద్దు.
- అవతలి వైపు ఓపికగా మాట్లాడే మనిషి, ఆయన దగ్గర ఒక ల్యాండ్‌లైన్, ఒక మొబైల్.
- ఆడాసిటీ (శబ్దాన్ని తెర మీద గీతలుగా చూపే ఉచిత సాఫ్ట్‌వేర్) ఎక్కించిన కంప్యూటర్.
- కాగితం, పెన్ను. ఇది మాటవరసకు చెప్పడం లేదు. చెవి గుర్తుపెట్టుకోదు, రాసుకోవాల్సిందే.

1. ఎకో ఎవరికి వినిపిస్తోంది?

అన్నిటికంటే ముఖ్యమైన అడుగు ఇదే. చాలామంది దాటేసేదీ దీన్నే.

మీ ఆఫీసులో మాట్లాడేవాళ్ళకి తమ గొంతే వినిపిస్తుంటే, తప్పు మీ ఫోన్‌లో లేదు. మాట ఫోన్ దాటి వెళ్ళాక ఎక్కడో వెనక్కి తిరుగుతోంది. మీ ఎఫ్‌ఎక్స్‌ఓ కార్డు దగ్గర కావచ్చు, అవతలి ల్యాండ్‌లైన్ హైబ్రిడ్ దగ్గర కావచ్చు, అవతలి మనిషి మొబైల్ స్పీకర్ దగ్గర కావచ్చు.

బయటివాళ్ళకి వాళ్ళ గొంతు తిరిగి వినిపిస్తుంటే మాత్రం తప్పు మీ వైపు ఉంది. ఎక్కువగా స్పీకర్‌ఫోన్, వాల్యూమ్ బాగా పెంచిన రిసీవర్, లేదా హెడ్‌సెట్ లేకుండా ల్యాప్‌టాప్‌లో వాడే సాఫ్ట్‌ఫోన్. స్పీకర్ శబ్దం మైక్‌లోకి దూరుతోంది. దీనికి కార్డు కొనక్కర్లేదు, మంచి హెడ్‌సెట్ ఇస్తే చాలు.

ఎకో విన్నవాళ్ళు తమ ఫోన్‌నే తిట్టుకుంటారు. తప్పు ఎప్పుడూ వాళ్ళ ఫోన్ దాటాక ఎక్కడో ఉంటుంది.

2. ఏ కాల్స్‌లో వస్తోందో పట్టిక రాయండి

నాలుగు రకాల కాల్స్ చేయండి, ఒక్కో రకం మూడుసార్లు: ఎక్స్‌టెన్షన్ నుంచి ఎక్స్‌టెన్షన్‌కి, ల్యాండ్‌లైన్ కార్డు మీదుగా బయటి ల్యాండ్‌లైన్‌కి, అదే కార్డు మీదుగా మొబైల్‌కి, సిప్ ట్రంక్ (ఇంటర్నెట్ మీదుగా వచ్చే ఫోన్ లైన్) ఉంటే దాని మీదుగా మొబైల్‌కి. ప్రతిసారీ మూడు సంగతులు రాసుకోండి: ఎకో ఉందా, మొదటి రెండు మూడు సెకన్లే ఉందా, కాల్ అంతా ఉందా.

ఎక్స్‌టెన్షన్ల మధ్య మాటల్లో రెండు తీగల లైన్ లేనే లేదు. అక్కడ ఎకో వస్తే అది స్పీకర్ నుంచి మైక్‌లోకి దూరుతున్నదే, హెడ్‌సెట్ దగ్గరే తేల్చుకోండి.

కార్డు మీదుగా చేసే అన్ని కాల్స్‌లో వస్తే, మీ కార్డుకీ లైన్‌కీ మధ్య తేడా ఉంది. ఈ వ్యాసం ముఖ్యంగా మీకోసమే.

కొందరు మొబైల్ నంబర్లతో మాట్లాడినప్పుడే వస్తే, అవతలి హ్యాండ్‌సెట్ తన పని సరిగ్గా చేయడం లేదు. మొబైల్ నెట్‌వర్క్ దాటి వెళ్ళి తిరిగొచ్చేసరికి 200 మిల్లీసెకన్లు దాటిపోవడం మామూలే. మంచి హార్డ్‌వేర్ కార్డు టెయిల్ కూడా 128 మిల్లీసెకన్లే. అంటే మీ వైపు ఏది కొన్నా ఆ ఎకో అందదు. "వాల్యూమ్ కాస్త తగ్గించండి, స్పీకర్ ఆపండి" అని అవతలివాళ్ళకి చెప్పడం తప్ప దారి లేదు.

సిప్ ట్రంక్ మాత్రమే ఉన్నవాళ్ళకి ఒక మాట. సిప్ చానల్స్‌కి ఆస్టరిస్క్‌లో ఎకో క్యాన్సిలర్ లేదు. సిప్ కాన్ఫిగ్ ఫైల్లో "ఎకోక్యాన్సెల్=యెస్" అని రాసుకుని ఎదురుచూసినవాళ్ళని చాలామందిని చూశాను. ఆ లైను ఏ పనీ చేయదు. క్యాన్సిలర్ ఉండాల్సింది రెండు తీగలు మొదలయ్యే చోట, అంటే ట్రంక్ ఇచ్చే కంపెనీ గేట్‌వేలో. మీ పట్టిక వాళ్ళకి పంపి, నంబర్లు, టైము సహా ఫిర్యాదు చేయండి.

3. ఇప్పుడు అసలు ఏ క్యాన్సిలర్ పనిచేస్తోంది?

ఉందనుకుంటాం, చాలా సర్వర్లలో ఉండదు. రెండు చోట్ల చూడాలి.

ప్రాక్ డైరెక్టరీలో డాహ్డీ కింద 1 అనే ఫైల్‌ని క్యాట్ కమాండ్‌తో తెరవండి. ప్రతి చానల్ (అంటే ఒక్కో లైను) పక్కన బ్రాకెట్‌లో క్యాన్సిలర్ పేరు ఉంటుంది, ఎంజీ2 లాంటిది. పేరే లేకపోతే సిస్టమ్.కాన్ఫ్ ఫైల్లో "ఎకోక్యాన్సిలర్=ఎంజీ2,1-4" అన్న లైను లేదన్నమాట. రాసి, డాహ్డీ_సీఎఫ్‌జీ నడపండి.

తర్వాత ఒక కాల్ నడుస్తుండగా ఆస్టరిస్క్ కన్సోల్లో "డాహ్డీ షో చానల్ 1" కొట్టండి. అందులో ఎకో క్యాన్సిలేషన్ వరసలో ఎన్ని ట్యాప్‌లో (టెయిల్‌ని కొలిచే ముక్కలు, లెక్క 8వ అడుగులో చెప్తాను), ఆన్‌లో ఉందో ఆఫ్‌లో ఉందో కనిపిస్తుంది. కాల్ లేనప్పుడు ఆఫ్ అనే ఉంటుంది, కంగారు పడొద్దు. కాల్ మధ్యలో కూడా ఆఫ్ ఉంటేనే తప్పు.

అలా ఉంటే చాన్_డాహ్డీ.కాన్ఫ్ తెరవండి. అక్కడ పదేపదే కనిపించే తప్పు ఒకటుంది. "ఎకోక్యాన్సెల్=యెస్" అన్న లైను, "చానల్" అన్న లైనుకి కింద రాస్తారు. ఈ ఫైల్లో పైన రాసినవే కింది చానల్స్‌కి వర్తిస్తాయి. చానల్ లైను తర్వాత రాస్తే దానికి అంటదు. పైకి జరపండి. మార్చాక రీలోడ్‌తో సరిపెట్టుకోకుండా ఆస్టరిస్క్‌ని పూర్తిగా ఆపి మొదలుపెట్టండి. నడుస్తున్న కాల్స్ తెగిపోతాయి, కాబట్టి భోజనాల వేళ చూసుకోండి.

హార్డ్‌వేర్ క్యాన్సిలర్ ఉన్నా ఈ ఎకోక్యాన్సెల్ లైను ఉండాల్సిందే. అది లేకపోతే కార్డు మీదున్న చిప్ ఖాళీగా కూర్చుంటుంది.

4. టైమింగ్ చూడండి

డాహ్డీ_టెస్ట్ అనే కమాండ్‌ని రెండు నిమిషాలు నడపండి. ప్రతి వరసలో ఒక శాతం వస్తుంది. 99.98 పైన నిలకడగా ఉంటే బాగున్నట్టు. మధ్యలో 99.5కో 98కో పడుతుంటే సర్వర్ కొన్ని ఇంటరప్ట్‌లు అందుకోవడం లేదు. కార్డు సెకనుకు 1000 సార్లు ప్రాసెసర్‌ని పిలుస్తుంది. కొన్ని పిలుపులు తప్పితే శబ్దంలో ముక్కలు రాలిపోతాయి, క్యాన్సిలర్ అప్పటిదాకా నేర్చుకున్న లెక్క చెడిపోతుంది. ఎకో పోయినట్టే పోయి మళ్ళీ వస్తుంటే ముందు దీన్ని అనుమానించండి.

కార్డుని వేరే స్లాట్‌లోకి మార్చి చూడండి. సర్వర్ మీద డెస్క్‌టాప్ గ్రాఫిక్స్ నడుస్తుంటే ఆపేయండి. వర్చువల్ మెషీన్‌లో పెట్టి కార్డుని పాస్‌త్రూ చేసినవాళ్ళకి (అంటే దానికి నేరుగా అప్పగించినవాళ్ళకి) ఈ ఇబ్బంది ఎక్కువ. వీలైతే ల్యాండ్‌లైన్ కార్డుకి చిన్నదైనా సొంత యంత్రం ఇవ్వండి.

5. లైన్‌ని కార్డుకి కుదర్చండి

ముందు తీగలు. గోడ మీదున్న రోసెట్ బాక్స్ విప్పి చూడండి. తుప్పు పట్టిన స్క్రూలు, ఎప్పుడో లాగిన పారలల్ కనెక్షన్, దాని చివర ఎవరూ వాడని పాత ఫోన్: ఇవన్నీ ఇంపెడెన్స్‌ని మార్చేస్తాయి. పరీక్ష పూర్తయ్యేవరకు పారలల్ తీగలన్నీ తీసేయండి. నా అనుభవంలో కొన్ని ఆఫీసుల్లో ఎకో ఇక్కడే సగం తగ్గింది.

తర్వాత డ్రైవర్‌కి దేశం చెప్పండి. డబ్ల్యూసీటీడీఎం రకం డ్రైవర్‌తో నడిచే కార్డులు మామూలుగా అమెరికా లైన్లకు తగ్గట్టు మొదలవుతాయి. మోడ్‌ప్రోబ్ (డ్రైవర్లు ఎక్కించే కమాండ్) సెట్టింగుల్లో "ఓపర్‌మోడ్=ఇండియా" అని రాయండి. ఇందులో ఇండియా అన్నది పెద్ద అక్షరాల్లో ఉండాలి. డ్రైవర్‌ని తీసి మళ్ళీ ఎక్కించండి.

ఇప్పుడు ఎఫ్‌ఎక్స్‌ఓట్యూన్. ఆస్టరిస్క్‌ని ఆపి, "ఎఫ్‌ఎక్స్‌ఓట్యూన్ -ఐ 4" నడపండి. ఆ 4 అనేది డయల్ టోన్‌ని ఆపడానికి నొక్కే అంకె. ఈ ప్రోగ్రామ్ లైన్‌లోకి టోన్లు పంపి, ఏ సెట్టింగ్‌తో అతి తక్కువ ఎకో తిరిగొస్తుందో వెతుకుతుంది. ఒక్కో లైన్‌కి కొన్ని నిమిషాలు పడుతుంది, అంతసేపూ ఆ లైన్లు పనిచేయవు. ఆసుపత్రి, అంబులెన్స్ లాంటి చోట్ల ముందే చెప్పి, మరో నంబర్ చూపించి మొదలుపెట్టండి. పూర్తయ్యాక "ఎఫ్‌ఎక్స్‌ఓట్యూన్ -ఎస్" నడిపితే ఆ సెట్టింగులు కార్డులోకి వెళ్తాయి.

మీ దగ్గర కార్డు కాకుండా ఎఫ్‌ఎక్స్‌ఓ గేట్‌వే డబ్బా (ల్యాండ్‌లైన్‌ని ఐపీలోకి మార్చే విడి పెట్టె) ఉంటే ఈ పని దాని వెబ్ పేజీలో చేయాలి. ఇంపెడెన్స్ అన్న మెనూలో ఒక్కొక్కటీ మార్చుతూ వినండి. ఫైబర్ ఇంటర్నెట్ డబ్బా వెనకున్న ఫోన్ పోర్టులోంచి లైన్ తెచ్చి కార్డుకి కలిపినవాళ్ళు 600 ఓమ్స్ నుంచి మొదలుపెట్టండి. అక్కడ తీగ మీటరో రెండు మీటర్లో ఉంటుంది, ఎక్స్ఛేంజి నుంచి వచ్చే పొడవాటి లైన్ లాగా ఉండదు.

6. గెయిన్ తగ్గించండి

దీని గురించి కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే నేను దెబ్బతిన్నది ఇక్కడే.

ఒక నర్సింగ్ హోంలో నాలుగు ల్యాండ్‌లైన్లు. రిసెప్షన్‌లో కూర్చునే అమ్మాయి రిసీవర్‌ని చెవికి బెత్తెడు దూరంలో పట్టుకుని మాట్లాడేది. "అవతలివాళ్ళ మాట మీద నా మాటే వచ్చి పడుతోంది సార్, పేషెంట్ పేరు సరిగ్గా రాసుకోలేకపోతున్నా" అంది. నేను పెద్దగా పరీక్షించకుండానే హార్డ్‌వేర్ మాడ్యూల్ ఉన్న కార్డు తెప్పించమన్నాను. తెప్పించారు, పెట్టాను. ఎకో తగ్గింది గానీ పోలేదు. రెండు రోజులు తల పట్టుకున్నాక కాన్ఫిగ్ ఫైల్ మొదటి నుంచి చదివితే ఆర్ఎక్స్‌గెయిన్ (వచ్చే శబ్దాన్ని ఎంత పెంచాలో) 9.0, టీఎక్స్‌గెయిన్ (వెళ్ళే శబ్దాన్ని ఎంత పెంచాలో) 6.0 అని ఉంది. ఎప్పుడో "మాట చిన్నగా వస్తోంది" అంటే ఎవరో పెంచి వదిలేశారు. రెండూ 0.0కి దించాను. కాల్ మొదలైన రెండో సెకనుకి ఎకో మాయం. ఆ తర్వాత అనుమానం వచ్చి పాత కార్డునే, ఉచితంగా వచ్చే ఎంజీ2తో పెట్టి చూశాను. దాంతోనూ పోయింది! వాళ్ళ చేత అనవసరంగా ఖర్చు పెట్టించాను కదా అని ఆ బాధ ఇప్పటికీ ఉంది. ఈ వ్యాసం రాయడానికి అదీ ఒక కారణమే.

గెయిన్ పెంచితే మాటతో పాటు ఎకో కూడా పెరుగుతుంది. అంతకంటే పెద్ద నష్టం, శబ్దం పై అంచుకి తగిలి నలిగిపోతుంది. నలిగిన శబ్దాన్ని ఏ క్యాన్సిలరూ లెక్కగట్టలేదు, సాఫ్ట్‌వేర్ అయినా హార్డ్‌వేర్ అయినా.

కాబట్టి రెండూ 0.0 పెట్టి మొదలుపెట్టండి. కాల్ నడుస్తుండగా "డాహ్డీ_మానిటర్ 1 -వీవీ" నడిపితే వచ్చే శబ్దం, వెళ్ళే శబ్దం రెండు పట్టీలుగా కదులుతాయి. మామూలు గొంతుకి పట్టీ చివరిదాకా వెళ్ళకూడదు. మాట నిజంగా చిన్నగా ఉంటే ఒకసారికి 1 చొప్పున పెంచండి, ప్రతిసారీ ఎకో విని చూడండి. ఫోన్ వాల్యూమ్ బటన్‌తో సరిపోయే పనికి ఇక్కడ చేయి పెట్టొద్దు.

7. మీ ఎకో టెయిల్ కొలవండి

హార్డ్‌వేరా సాఫ్ట్‌వేరా అన్నది ఇక్కడ తేలుతుంది. చదవడానికి పెద్దదిగా ఉన్నా పావుగంట పనే.

(అ) చాన్_డాహ్డీ.కాన్ఫ్‌లో ఎకోక్యాన్సెల్=నో అని పెట్టి ఆస్టరిస్క్ మళ్ళీ మొదలుపెట్టండి.

(ఆ) అవతలి మనిషి ల్యాండ్‌లైన్‌కి కాల్ చేసి, మాట్లాడకుండా నిశ్శబ్దంగా ఉండమనండి.

(ఇ) సర్వర్‌లో "డాహ్డీ_మానిటర్ 1 -ఆర్ వచ్చేఫైలు -టీ వెళ్ళేఫైలు" అన్న పద్ధతిలో రికార్డింగ్ మొదలుపెట్టండి. ఫైళ్ళకి మీకు నచ్చిన పేర్లు ఇచ్చుకోండి.

(ఈ) రిసీవర్ మౌత్‌పీస్‌ని పెన్ను మూతతో టక్ అని కొట్టండి. రెండు సెకన్లు ఆగండి. ఇలా పదిసార్లు.

(ఉ) రెండు ఫైళ్ళనూ ఆడాసిటీలో "ఇంపోర్ట్ రా డేటా"తో తెరవండి: 16 బిట్ సైన్డ్, మోనో, 8000 హెర్ట్జ్.

ఇప్పుడు తెర మీద రెండు పట్టీలు ఒకదాని కింద ఒకటి ఉంటాయి. వెళ్ళిన పట్టీలో మేకు దిగినట్టు నిలువుగా ఒక గీత, వచ్చిన పట్టీలో కాస్త కుడివైపు అలాంటిదే చిన్న గీత, దాని వెనక సన్నగా వణుకుతూ అణిగిపోయే అలలు. జూమ్ చేసి, మొదటి గీత దగ్గర నుంచి ఆ అలలు పూర్తిగా అణిగేదాకా ఎన్ని మిల్లీసెకన్లో కొలవండి. అదే మీ టెయిల్.

ఎత్తు కూడా చూడండి. వచ్చిన గీత ఎత్తు వెళ్ళిన దానిలో సగం ఉంటే తగ్గుదల 6 డెసిబెల్స్, పావు వంతు ఉంటే 12. సగం కంటే ఎక్కువ ఉంటే క్యాన్సిలర్ నిలవడం కష్టం, 5, 6 అడుగులకు వెనక్కి వెళ్ళండి. పావు వంతో అంతకంటే తక్కువో ఉంటే నిశ్చింతగా ముందుకి వెళ్ళొచ్చు.

ఒకటికి రెండు గీతలు కనిపిస్తే భయపడొద్దు. మొదటిది మీ కార్డు దగ్గరి హైబ్రిడ్‌ది, కొన్ని మిల్లీసెకన్లలోనే వస్తుంది. రెండోది అవతలి ఊరి లైన్‌ది. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి సుమారు 1,500 కిలోమీటర్లు. ఫైబర్‌లో కిలోమీటరుకి 5 మైక్రోసెకన్ల చొప్పున పోయిరావడానికే 15 మిల్లీసెకన్లు. దారిలో యంత్రాల ఆలస్యం దానికి అదనం.

8. సాఫ్ట్‌వేర్‌తో ప్రయత్నించండి

కొలిచిన టెయిల్‌ని బట్టి ట్యాప్‌లు పెట్టండి. సెకనుకు 8000 శాంపిల్స్ కాబట్టి 8 ట్యాప్‌లు ఒక మిల్లీసెకను. ఎకోక్యాన్సెల్=యెస్ అంటే 128 ట్యాప్‌లు, అంటే 16 మిల్లీసెకన్లే. ఎకోక్యాన్సెల్=256 అంటే 256 మిల్లీసెకన్లు అనుకునేవాళ్ళు ఎక్కువ. కాదు, అది 32. 1024 రాస్తే 128 మిల్లీసెకన్లు వస్తుంది, అదే గరిష్ఠం. 32 నుంచి 1024 వరకు రెండు రెట్లు చొప్పున పెరిగే అంకెలే రాయాలి.

ఎందుకైనా మంచిదని 1024 పెట్టేయొద్దు. ఎక్కువ ట్యాప్‌లుంటే క్యాన్సిలర్ నేర్చుకోవడానికి ఎక్కువసేపు తీసుకుంటుంది, కాల్ మొదట్లో ఎకో ఎక్కువసేపు వినిపిస్తుంది. కొలత 11 వస్తే 128 చాలు. 20 వస్తే 256 పెట్టండి.

క్యాన్సిలర్లలో ముందు ఎంజీ2తో మొదలుపెట్టండి, డాహ్డీతోనే వస్తుంది. దాంతో కుదరకపోతే ఓస్లెక్. డేవిడ్ రో తయారుచేసిన ఓపెన్‌సోర్స్ క్యాన్సిలర్ ఇది. డాహ్డీతో కలిపి కంపైల్ చేసుకోవాలి, కొన్ని లినక్స్ ప్యాకేజీల్లో ముందే కలిపి ఉంటుంది. అనలాగ్ లైన్ల మీద నాకు ఎక్కువసార్లు మంచి ఫలితం ఇచ్చింది ఇదే. డిజియం కంపెనీ లైసెన్స్ మీద ఇచ్చిన హెచ్‌పెక్ కూడా ఉంది, పాత సర్వర్లలో ఇంకా కనిపిస్తుంటుంది. కొత్తగా పెట్టేవాళ్ళకి నేను అది చెప్పను.

కాల్ మొదటి రెండు సెకన్లే ఎకో ఉంటే ఎకోట్రైనింగ్=యెస్ పెట్టి చూడండి. లైన్‌ని క్షణం మూసి, ఒక టక్ పంపి ముందే లెక్క నేర్చుకుంటుంది. హార్డ్‌వేర్ క్యాన్సిలర్‌కి ఈ లైను వర్తించదు.

ప్రాసెసర్ గురించి భయం అక్కర్లేదు. 1024 ట్యాప్‌లకు ఒక చానల్‌కి సెకనుకు సుమారు 80 లక్షల గుణకారాలు, నేర్చుకునే పనికి ఇంచుమించు ఇంకో అంతే. నాలుగు లైన్లకి ఇప్పటి ఏ ప్రాసెసర్‌కైనా ఇది లెక్కలోది కాదు. 30 చానల్స్ పీఆర్‌ఐ మీద అయితే సెకనుకు దాదాపు 50 కోట్లు. అదే యంత్రం కాల్ రికార్డింగ్, కోడెక్ మార్పిడి కూడా చేస్తుంటే అప్పుడు ఆలోచించాలి.

9. హార్డ్‌వేర్‌తో పోల్చండి

ఎవరి దగ్గరైనా హార్డ్‌వేర్ మాడ్యూల్ ఉన్న కార్డు అరువు దొరికితే, కొనకముందే ఒక పూట పెట్టి చూడండి. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్ లాంటి చోట సెకండ్‌హ్యాండ్‌లో కొంటుంటే పేరు జాగ్రత్తగా చదవండి. సంగోమా కార్డుల్లో ఏ200, ఏ102 లాంటి పేరు చివర డీ అక్షరం ఉంటేనే హార్డ్‌వేర్ క్యాన్సిలర్ ఉన్నట్టు. డిజియం కార్డుల్లో చాలా మోడళ్ళకి వీపీఎం అనే చిన్న మాడ్యూల్ విడిగా గుచ్చి ఉంటుంది. అమ్మేవాడు అది తీసేసి ఉండొచ్చు, కార్డు చేతిలోకి తీసుకుని చూడండి. పెట్టాక డీమెస్గ్‌లో (డ్రైవర్ల సందేశాలు చూపే కమాండ్) వీపీఎం అన్న వరస కనిపించాలి.

నిజమైన పోలిక కావాలంటే కార్డు మార్చకూడదు. కార్డు మారితే లైన్‌తో పొత్తు కూడా మారిపోతుంది, ఏది దేనివల్ల బాగుపడిందో తెలియదు. మాడ్యూల్ ఉన్న కార్డు మీదే డిజియం డ్రైవర్‌కి "వీపీఎంసపోర్ట్=0" అని ఇచ్చి ఎక్కిస్తే చిప్ పక్కకి తప్పుకుంటుంది, సాఫ్ట్‌వేర్ పనిచేస్తుంది. 1 ఇచ్చి ఎక్కిస్తే మళ్ళీ చిప్. అదే లైను, అదే ఫోను, అదే అవతలి నంబరు, అదే వాల్యూమ్. మారింది క్యాన్సిలర్ ఒక్కటే.

10. వినే పరీక్ష

రెండిటి మీదా ఈ నాలుగూ చేయండి, ఒక్కోదానికి 5కి ఇన్ని అని మార్కులు వేయండి. ఏది నడుస్తోందో తెలియని మనిషి చేత వినిపిస్తే ఇంకా మంచిది. డబ్బు పెట్టి కొన్నదానికి మన చెవి మార్కులు ఎక్కువ వేస్తుంది.

మొదటిది, మీరొక్కరే మాట్లాడండి. "టకటకా తలుపు తట్టి పిలిచాడు" లాంటి గట్టి అక్షరాల వాక్యం బాగా పనికొస్తుంది, ఎకో ఉంటే ట, క, త శబ్దాల్లో ముందు బయటపడుతుంది. ఎన్నో సెకనుకి పోయిందో రాయండి. రెండు మూడు సెకన్లలో పోవాలి.

రెండోది, ఇద్దరూ కలిసి మాట్లాడండి. మీరు ఒకటి నుంచి ఇరవై దాకా లెక్కపెట్టండి, అవతలివాళ్ళు అదే సమయంలో చైత్రం, వైశాఖం అంటూ నెలలు చెప్పాలి. వాళ్ళ మాటల్లో ఏ నెలైనా మధ్యలో తెగిపోతే క్యాన్సిలర్ ఎకోతో పాటు మనిషిని కూడా కోసేస్తోంది. సాఫ్ట్‌వేర్‌కీ హార్డ్‌వేర్‌కీ నాకు ఎక్కువ తేడా కనిపించింది ఇక్కడే. మంచి చిప్ ఇద్దరి మాటనీ నిలబెడుతుంది.

మూడోది, ఇద్దరూ మౌనంగా ఉండండి. లైన్ చచ్చిపోయినట్టు మరీ నిశ్శబ్దమైతే అవతలివాళ్ళు "హలో, హలో" అంటూనే ఉంటారు.

నాలుగోది, ఫ్యాక్స్ వాడేవాళ్ళకే. ఒక పేజీ పంపి, ఒకటి తెప్పించుకోండి. ఫ్యాక్స్ యంత్రం ఇచ్చే 2100 హెర్ట్జ్ టోన్ వినగానే క్యాన్సిలర్ దానంతటదే తప్పుకోవాలి. పేజీ సగంలో ఆగిపోతుంటే ఆ ఒక్క చానల్‌కి క్యాన్సిలర్ తీసేసి చూడండి.

మార్కులు చూశాక ఏం చేయాలి

నాలుగు అనలాగ్ లైన్ల లోపు, టెయిల్ 32 మిల్లీసెకన్ల లోపు వచ్చినవాళ్ళు సాఫ్ట్‌వేర్‌తోనే ఉండండి. నా మాట నమ్మి డబ్బు దాచుకోండి.

ఎనిమిది అంతకంటే ఎక్కువ లైన్లు, లేదా పీఆర్‌ఐ ఉండి రోజంతా కాల్స్ నడిచే చోట హార్డ్‌వేర్ కొనండి. పీఆర్‌ఐలో మీ వైపు హైబ్రిడ్ ఉండదు, వచ్చే ఎకో అంతా దూరపు లైన్లది. టెయిల్ పొడవుగా ఉంటుంది, కాల్ కాల్‌కీ మారుతుంది. కస్టమర్‌తో మాటకి మాట పడే కాల్ సెంటర్లలో రెండో పరీక్ష మార్కులే ముఖ్యం.

ఒకటి రెండు ల్యాండ్‌లైన్లే ఉండి, సర్వర్ వర్చువల్ మెషీన్‌లో ఉంటే కార్డు ఆలోచనే మానేయండి. ఎఫ్‌ఎక్స్‌ఓ గేట్‌వే డబ్బా తీసుకోండి. దానిలో డీఎస్పీ ఉంటుంది, అదీ హార్డ్‌వేర్ క్యాన్సిలరే. పైగా 4వ అడుగులో చెప్పిన టైమింగ్ టెన్షన్ మీకుండదు.

ఏది ఎంచుకున్నా అన్నీ కుదిరాక సర్వర్‌ని ఒకసారి రీబూట్ చేసి, మొదటి పరీక్ష మళ్ళీ చేయండి. ఎఫ్‌ఎక్స్‌ఓట్యూన్ -ఎస్ కమాండ్‌ని బూట్ అయ్యేటప్పుడు ఆస్టరిస్క్ కంటే ముందు నడిచేలా పెట్టకపోతే, కరెంటు పోయి వచ్చిన మరుసటి రోజు ఎకో తిరిగొచ్చి కూర్చుంటుంది.